జిగురు చల్లారేదాకా

మొన్న బుధవారం పొద్దున్నే యూనివర్సిటీ హెల్త్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. నేను రిటైరై నాలుగేళ్ళు దాటింది కాబట్టి ఆ నంబరు చూస్తే ఇప్పుడు కాస్త ఆశ్చర్యమే. నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న కౌన్సెలర్ మాట్లాడింది. కరీంనగర్ వైపు పిల్ల, మంచిది, పెద్దలంటే గౌరవం ఉన్నది. గదికి రంగులు వేయిస్తున్నారట, బీరువా జరిపితే వెనక ఒక ఫొటో దొరికిందట. "స్టేజీ మీద ఎవరికో శాలువా కప్పుతున్నరు మేడం, పక్కన మీరు నవ్వుతున్నరు. ఫొటో మస్తుగున్నది. సిగరెట్ మానెటందుకు వచ్చేటోళ్ళకు మోటివేషన్ ఉంటది, మల్ల గోడకు పెట్టమంటరా?" అని అడిగింది. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి తల్లీ, తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. మా ఇంట్లో పాలు ఆరింటికే కాగిపోతాయి, అప్పుడు టైము తొమ్మిదిన్నర.

ఫొటోలో శాలువా కప్పించుకుంటున్నాయన మా అన్న. వరసకు అన్న కాదు, తోడబుట్టిన అన్న. పోయి పదకొండేళ్ళవుతోంది. ఆ ఫొటో బీరువా వెనక పడిపోలేదు, నేనే తోసేశాను. చింపడానికి చెయ్యి రాలేదు. సిగరెట్ మానిన ఆదర్శపురుషుడిగా మా అన్న క్యాంపస్‌లో మూడేళ్ళు చలామణీ అయ్యాడు, ఆయన్ను అలా చలామణీ చేసింది నేను. చివరికి ఆ సిగరెట్టే ఆయన్ను తీసుకుపోయింది. అందులో సిగరెట్ చేసింది ఎంత, నేను చేసింది ఎంత అని డాక్టర్లు చెప్పలేదు, నేను అడగనూ లేదు. రంగులు ఆరాక ఆ పిల్లకు ఫోన్ చేసి, వద్దమ్మా, ఆ గోడ ఖాళీగానే ఉండనీ అని చెప్పాలి. కారణం అడుగుతుంది. ఈ కాలం పిల్లలు కారణం లేకుండా ఏదీ వినరు.

నా గది హెల్త్ సెంటర్‌లో చిట్టచివర, గాయాలకు కట్లు కట్టే గది పక్కన ఉండేది. పొద్దంతా టించరు వాసన. బయట వరండాలో ఒక చెక్క బెంచీ, దానికొక కాలు పొట్టి, కూర్చున్నవాళ్ళు లేస్తే టక్కుమని చప్పుడయ్యేది. మిగతా రోజుల్లో పరీక్షల భయం, నిద్ర పట్టకపోవడం, ప్రేమలు చెడిపోవడం, ఇవన్నీ మోసుకుని హాస్టల్ పిల్లలు వచ్చేవాళ్ళు. బుధవారం మధ్యాహ్నం మాత్రం సిగరెట్ మానదలచుకున్నవాళ్ళ కోసం పెట్టాను. స్టూడెంట్లు తక్కువే. అటెండర్లు, డ్రైవర్లు, హాస్టల్ మెస్సు వంటవాళ్ళు, ఎవరో చెబితే విని లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చినవాళ్ళు, వీళ్ళే ఎక్కువ. మా తార్నాక పెద్దమనుషులు మాత్రం ఎప్పుడూ రాలేదు. వాళ్ళు పొద్దున్నే క్యాంపస్‌లో గంటసేపు వాకింగ్ చేసి, చేతులూపి, గట్టిగా గాలి పీల్చి, గేటు బయటికి రాగానే చాయ్ పట్టుకుని సిగరెట్ ముట్టించేవాళ్ళు. ఊపిరితిత్తులు శుభ్రం చేసుకునేదే మళ్ళీ నింపుకోవడానికన్నట్టు. ఇప్పటికీ అంతే, ఏమీ మారలేదు.

సిగరెట్ మాన్పించడం గురించి నాకు తెలిసినవి ఇక్కడే చెప్పేస్తాను, ఇప్పుడు నన్నెవరూ అడగరు గనక. పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు అన్నది నా మొదటి ప్రశ్న. ముఖం కడుక్కోకముందే ముట్టించేవాడికి ఒట్టి ధైర్యవచనాలు చాలవు, మందు కావాలి. మా డాక్టరు నికోటిన్ గమ్ రాసిచ్చేవాడు, దాన్ని ఎలా నమలాలో నేను నేర్పేదాన్ని, చాలామంది మామూలు బబుల్‌గమ్‌లా నమిలేసి కడుపులో తిప్పుతోందని వచ్చేవాళ్ళు. ఎవరితో తాగుతావు, ఏ పని దగ్గర తాగుతావు అన్నది రెండోది. సిగరెట్ ఒంటరిగా ఉండదు, దానికొక చాయ్ ఉంటుంది, ఒక దోస్తు ఉంటాడు, ఒక గోడ పక్క చోటు ఉంటుంది. అవి కదలకుండా ఇది కదలదు. ఇక ఇల్లు. మానండి మానండి అని పొద్దున్నుంచి రాత్రిదాకా సతాయించే ఇంట్లో మానినవాళ్ళను నేను తక్కువ చూశాను. ఇయ్యాల ఎట్లున్నది అని నెమ్మదిగా అడిగే మనిషి ఒక్కరున్నా సగం పని అయినట్టే. అన్నిటికంటే పెద్దది, జారిపడ్డ మర్నాడు ఏం చేస్తాడన్నది. ఒక్కసారికే మానేసినవాళ్ళు నా దగ్గర అరుదు. జారి, వచ్చి, మళ్ళీ జారి, మళ్ళీ వచ్చి మానారు. అందుకే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పేదాన్ని, తప్పి ఒకటి తాగితే వెంటనే నా దగ్గరికి రండి, తిట్టను అని. నాది దురుసు నోరే, అయినా ఆ విషయంలో ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఒక ప్రొఫెసర్‌గారు ఆన్సర్ పేపర్లు దిద్దే రోజులొస్తే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఏడుసార్లు మానారు. ఏడోసారి నిలబడ్డారు. ఆయనకెవరూ సన్మానం చేయలేదు, అది ఆయన అదృష్టం.

మాది భువనగిరి అవతల చిన్న ఊరు. అన్న నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పదో తరగతి కాగానే పట్నం వచ్చి, యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసే పనిలో చేరాడు. బౌద్ధనగర్‌లో రెండు గదుల ఇల్లు తీసుకుని, పెళ్ళి చేసుకుని, పెళ్ళైన ఏడాదికే నన్ను చదువు కోసం తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో వదిన నాకు రెండు జడలు వేసి బడికి పంపేది, అప్పట్నుంచి నేను యాభై దాటినా ఆమెకు 'పిల్లా'నే. బైండింగ్‌లో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టి, అట్ట వేసి, అన్న నాకు నోటుపుస్తకాలు చేసిచ్చేవాడు. డిగ్రీ అయ్యేదాకా నేను నోటుపుస్తకం కొన్నది లేదు. తర్వాత అదే క్యాంపస్‌లో నాకు ఉద్యోగం వస్తే, మెషిన్ కింద నలిగిన బొటనవేలు చూపించే నెపంతో హెల్త్ సెంటర్‌కు వచ్చి, నర్సుకూ కాంపౌండర్‌కూ "మా చెల్లె, గా రూముల మేడం" అని చెప్పుకుని పోయాడు. నేను ఆ రోజు కొంచెం సిగ్గుపడ్డాను కూడా. ఆయన చొక్కా నిండా ఎండిన జిగురు మరకలు.

ఆయన సిగరెట్ ఆ జిగురుతోనే ముడిపడి ఉండేది. మైదాను నీళ్ళలో కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, చిన్న మంట మీద తిప్పుతూ ఉడికించాలి. దించగానే వాడకూడదు, వేడి జిగురు రాస్తే కాగితం ముడతలు పడుతుంది. అది చల్లారేదాకా బైండర్‌కు పని లేదు. ఆ ఖాళీ ఇరవై నిమిషాల్లో లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని రెండు సిగరెట్లు కాల్చడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. మిగతా రోజంతా ఎన్ని కాల్చినా ఆ రెండే అసలువి. చేతులకు పనిలేని చోట సిగరెట్ వచ్చి కూర్చుంది, అంతే.

సొంతవాళ్ళకు కౌన్సెలింగ్ చేయకూడదని మాకు చదువులో చెప్తారు. నేనూ ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. శివరాత్రికి ముందు బుధవారం వరండాలోకి తొంగి చూస్తే, ఆయనే ఓపీ చిట్టీ చేతిలో పట్టుకుని, ఇద్దరు డ్రైవర్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇదేంటన్నా, లోపలికి రా అన్నాను. "లైన్ల వస్త చెల్లె, వాళ్ళు ముందుగాల వచ్చిండ్రు" అన్నాడు. తన వంతు వచ్చాక లోపలికొచ్చి, మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తున్నదని, నెత్తిన పుస్తకాలుంటే నడుమ నిలబడాల్సి వస్తున్నదని చెప్పాడు. శివరాత్రికి మా ఇంట్లో ఎట్లాగూ ఒక్కపొద్దు ఉంటారు, ఆ రోజు నుంచే మొదలుపెడదామనుకున్నాం. గమ్ ఇప్పించాను. దానికంటే ముఖ్యమైనది ఇంకోటి చెప్పాను. జిగురు దించగానే గదికి తాళం వేసి సీదా నా దగ్గరికి రా, చల్లారేదాకా ఇక్కడే కూర్చో అని.

వచ్చాడు. రోజూ పదకొండింటికి. సోంపు నములుతూ, నా పాత ఫైళ్ళు విడిపోతుంటే దబ్బనంతో కుట్టుకుంటూ, ఊళ్ళో మా నాయన ఎడ్ల పేర్లు గుర్తు చేసుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చునేవాడు. ఒక్కోరోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకునేవాడు. "ఇయ్యాల పానం దానిమీదికి బాగ గుంజుతున్నది చెల్లె" అనేవాడు. అవునా అనేదాన్ని. అంతకంటే నేను చేసిందేమీ లేదు. పెళ్ళై తార్నాక వచ్చాక, బౌద్ధనగర్ రెండు బస్సు స్టాపుల దూరమే అయినా, అన్నతో అంతసేపు కూర్చున్నది ఆ మూడు నెలల్లోనే. ఆయన మానడానికి పనిచేసిన మందు ఏదన్నా ఉంటే ఆ పదకొండింటి కుర్చీయే. అది నాకు బాగా తెలుసు. తెలిసీ తీసేశాను.

మే నెలాఖర్లో పొగాకు వ్యతిరేక దినం వస్తుంది కదా, ఆ ఏడు ఘనంగా చేయాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. మీ దగ్గర మానినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, స్టేజీ మీద సన్మానం చేద్దాం అన్నారు. మన దగ్గర శాలువా కప్పందే ఏ మంచి పనీ జరిగినట్టు కాదు. రిటైరైతే శాలువా, పద్యం చెబితే శాలువా, రక్తం ఇస్తే శాలువా. అప్పటికి మెస్సు వంటాయన ఒకరు మానేసి ఏడాది దాటింది. ఆయన్ను అడిగితే, "వద్దు మేడం, నజర్ తగుల్తది, నన్ను ఇడిసిపెట్టున్రి" అని దండం పెట్టాడు. చదువుకోని ఆ మనిషికి ఉన్న తెలివి నాకు లేకపోయింది. ఏడాది నిండకుండా మానాడని ఎవరి గురించీ చెప్పకూడదని ట్రైనింగుల్లో నేనే చెప్పేదాన్ని. అన్నకు నిండింది తొంభై రెండు రోజులు. అయినా ఆయన పేరే ఇచ్చాను. నలభై ఏళ్ళు "ఏయ్ బైండర్" అని పిలిచిన ప్రొఫెసర్ల ముందు మా అన్న కుర్చీలో కూర్చోవాలని నాకుండింది. ఆయన పక్కన నేను నిలబడాలని అంతకంటే ఎక్కువ ఉండింది. ఇప్పుడు దాచి ఏం లాభం.

చెప్పగానే ఆయన సంతోషపడలేదు. "ఇప్పుడే ఎందుకు చెల్లె, ఇంక గుంజుతనే ఉన్నది" అన్నాడు. నలుగురి ముందు స్టేజీ ఎక్కినవాడివి మళ్ళీ ఎట్లా తాగుతావన్నా, సిగ్గే ఆపుతుంది అన్నాను. అంత చదువూ చదివి నేనన్న మాట అది. సిగ్గు మనిషిని మొదటి సిగరెట్ దాకా ఆపుతుందేమో. అది కాలిన తర్వాత అదే సిగ్గు తలుపుకు అడ్డంగా నిలబడి సాయం దగ్గరికి పోనివ్వదు. ఆ సంగతి బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒక రకంగా నాకు చెప్పినదే. నా ఇంటి మనిషి దగ్గరికి వచ్చేసరికి చెవికెక్కలేదు.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. వదిన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, దాని మీద ఎర్ర శాలువా. మైకులో నేను, మా అన్న మాట అంటే మాట, ఇక జన్మలో ముట్టడు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆయన రెండు ముక్కలు మాట్లాడి దిగిపోయాడు. మర్నాడు పేపర్‌లో సిటీ పేజీలో ఫొటో వేశారు, తర్వాత దాన్నే పెద్దది చేయించి వరండాలో బెంచీ వెనక గోడకు నేనే తగిలించాను. సన్మానమైన మర్నాడే పదకొండింటికి అన్న మామూలుగా నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నా ఎదురుగా పక్క కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరు లెక్చరర్లున్నారు, మా దగ్గర కూడా ఒక క్యాంపు పెట్టండి అని అడగడానికి వచ్చారు. నాకు కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. ఇదిగో ఈయనే అని వాళ్ళకు చూపించి, ఇంకెందుకన్నా రోజూ రావడం, నువ్వు పాసైపోయినవ్, ఇక నుంచి బుధవారం బుధవారం వచ్చి కొత్తవాళ్ళకు నాలుగు మాటలు చెప్పు అన్నాను. సరే అన్నట్టు తలూపాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

ఆయన మళ్ళీ మొదలుపెట్టిన సంగతి నాకు తెలిసింది మూడేళ్ళకు. తెలిశాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. తార్నాక చౌరస్తాలో, క్యాంపస్ గేట్ల దగ్గర, ఏ పాన్ డబ్బా దగ్గరా ఆయనకు సిగరెట్ దొరికేది కాదట. పేపర్‌లో ఫొటో అందరూ చూశారాయె. ఒక పాన్‌షాప్ ఆయన, "ఏంది పెద్దమనిషీ, మీరే గిట్ల జేస్తే ఎట్ల" అని నవ్వి సోంపు పొట్లం చేతిలో పెట్టాడట. ఆ తర్వాత తెలిసినవాళ్ళు లేని చోటు వెతుక్కుని, రైల్వే వర్క్‌షాప్ దాకా, లాలాగూడకు నడిచి పోయేవాడు. మోకాళ్ళ నొప్పులకు వాకింగ్ మంచిదని మేమంతా మెచ్చుకున్నాం. అక్కడ నిలబడి కాల్చి, యాలకులు నమిలి, చేతులకు నిమ్మతొక్క రాసుకుని ఇంటికొచ్చేవాడు. గణేశ్ మండపంలో కాలనీ వాళ్ళు ఆయన చేత వ్యసనాల మీద మాట్లాడించారు. బంధువులు తాగే కొడుకుల్ని తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేవాళ్ళు. ఇంత సిగరెట్ ముక్క దాచడానికి ఆ మనిషి పడ్డ యాతనలో సగం పడితే రెండుసార్లు మానేవాడు.

బుధవారాలు మాత్రం తప్పలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని కొత్తవాళ్ళకు చెప్పేవాడు. "లేస్తనే జేబు తడుముకుంటవ్ తమ్మీ. లేదని ఎరుకనే, అయినా తడుముతవ్. నీ చెయ్యి నీ మాట వినదు. గప్పుడు నీ మీద నీకే కోపమొస్తది. కోపం తెచ్చుకోకు, ఎవరికన్న చెప్పు. చెప్పకుంట మాత్రం ఉండకు." వినేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మానేసి ఇన్నేళ్ళైనా ఆ బాధ నిన్న పడ్డట్టే చెప్తాడు మా అన్న, ఎంత జ్ఞాపకం అని నేను మురిసిపోయేదాన్ని. ఆయన మాట విని మానినవాళ్ళున్నారు. వాళ్ళు ఇప్పటికీ కనిపిస్తే, సార్ బతికుంటే ఎంత బాగుండు అంటారు.

నాకు తెలియలేదు అని ఇంతదాకా రాసుకుంటూ వచ్చాను. అది కూడా పూర్తి నిజం కాదు. మా దగ్గర ఒక చిన్న మిషన్ ఉండేది. గొట్టంలో ఊదితే ఊపిరిలో పొగ విషం ఎంతుందో అంకె చూపిస్తుంది, తాగనివాడికి పచ్చ లైటు, తాగినవాడికి ఎర్ర లైటు. వచ్చిన ప్రతివాడితో ఊదించేదాన్ని, మా అన్నతో తప్ప. సొంత అన్నతో అలా ఊదించడం ఏం మర్యాద అనుకున్నాను. శాలువా కప్పిన రెండో ఏడు, చలికాలంలో ఒక బుధవారం, ఒక డ్రైవర్ ఆ మిషన్‌ను చూసి భయపడ్డాడు, తాగి నడిపారేమోనని పోలీసులు పెట్టేదనుకున్నాడు. భయం లేదు, మా అన్న ఊది చూపిస్తాడు చూడు అని మిషన్ అన్న చేతికిచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "దమ్ము లేదు చెల్లె, సర్ది చేసింది" అన్నాడు. అని నా ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నేను ఆయన ముఖంలోకి చూసినట్టు చూశాడు. ఆ చూపు అర్థం కాకపోవడానికి నేను చదువు రానిదాన్నా? ఆ నెలలోనే రాష్ట్రస్థాయి మీటింగ్‌లో మా అన్న కథ చెప్పాల్సి ఉంది, స్లైడ్లు కూడా తయారయ్యాయి. అవునవును, సర్ది చేసింది పాపం అని మిషన్ తీసుకుని నేనే ఊదాను. పచ్చ లైటు వెలిగింది. డ్రైవర్ నవ్వాడు. అందరం నవ్వాం.

ఇంకో ఏడాది గడిచాక దగ్గులో రక్తం పడింది. పెద్దాసుపత్రిలో స్కానింగ్ చూసిన డాక్టరు, సిగరెట్ అలవాటుందా అని అడిగాడు. ఉండె సార్, మానేసిన అన్నాడు అన్న. మానేసి ఎన్నేళ్ళు అన్నాడు డాక్టరు. అన్న నా వైపు చూసి, "మూడేండ్లయితున్నది సార్, మా చెల్లెనే మాన్పించింది" అన్నాడు. వదిన తల పక్కకు తిప్పుకుంది. అప్పుడన్నా నేను నోరు తెరవాలి కదా. తెరవలేదు. డాక్టరు నా వైపు మెచ్చుకోలుగా చూసి రాసుకున్నాడు. బయటికొచ్చాక కారిడార్‌లో వదిన గోడకు ఆనుకుని, "లాలాగూడ పోయి తాగుతుండె. నాకు ఎరుకనే. చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు, నీ ఇజ్జత్ పోతదని" అన్నది.

వార్డులో మంచం పక్కన కూర్చుని నేనే కదిలించాను. ఎందుకన్నా, ఒక్కసారి నా దగ్గరికి వచ్చి చెప్తే ఏమయ్యేది, నేను తిట్టేదాన్నా అన్నాను.  "మల్ల గా బెంచి మీద ఎట్ల కూసుంట చెల్లె? ఎనకనే గోడకు నా ఫొటో ఉన్నది" అన్నాడు. ఇంకెవరి దగ్గరికైనా పోవద్దా, ఊరంతా డాక్టర్లున్నారు కదా అన్నాను. "అందరికన్న నువ్వే మంచిగ చేస్తవని అందరు అంటరు గద" అన్నాడు. వెటకారం కాదు, మా అన్నకు వెటకారం రాదు. దసరా తర్వాత పోయాడు. రిటైర్‌మెంట్‌కు ఇంకా ఏడు నెలలుంది. బైండింగ్ గదిలో సగం కుట్టిన పుస్తకాలు అలాగే ఉండిపోతే, తర్వాత ఎవరో తీసుకుపోయి మూలన పడేశారు.

నెల మాసికం అయిన మర్నాడు బౌద్ధనగర్ వెళ్ళాను. వదిన చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. తల ఎత్తకుండానే, "ఎప్పుడు మొదలువెట్టిండో నీకు చెప్పిండా?" అని అడిగింది. లేదు వదినా అన్నాను. శాలువా కప్పిన్నాడే అన్నది. సన్మానం జరిగిన ఆ సాయంత్రం మా ఇంట్లో బంధువులందర్నీ పిలిచి లడ్డూలు పంచాను. అన్న ఆరింటికి రావాల్సినవాడు ఏడున్నరకు వదినతో కలిసి వచ్చాడు, నీ ఫంక్షన్‌కు నువ్వే లేటా అని నేను అందరి ముందు ఆటపట్టించాను. అది గుర్తుంది. మిగతాది వదిన చెప్పింది. "స్టేజి దిగినంక అందరు వచ్చి చేతులు కలిపిండ్రట. పానం గుంజిందట. లైబ్రరీ ఎనకకు పోయి ఒకటి తాగిండు. తాగంగనే భయమైంది. సక్కగ మీ ఇంటికే వచ్చిండు, తప్పితే వెంటనే రా, తిట్టనని నువ్వు చెప్పినవట గద. గేటు కాడికి వచ్చేటాల్లకు లోపల నువ్వు అందరికి చెప్తున్నవట, ఇగ మా అన్న జన్మల ముట్టడని. గేటు మీద చెయ్యి వెట్టి నిలబడి, నిలబడి, ఎనకకు మర్రిండు. నేను బస్సు దిగెదాంక గల్లీలల్ల తిరుగుతనే ఉన్నడు."

ఎంతసేపు నిలబడ్డాడు వదినా అని అడిగాను.  "నాకేమెరుక. నేను లేను గద" అన్నది. చేట పక్కన పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "లోపల మీరే ఉంటిరి మేడం." ఆ తర్వాత ఆమె నన్ను పిల్లా అని పిలవలేదు. ఇప్పటికీ పిలవదు.

మా ఇంటి గేటుకూ ముందు గది గుమ్మానికీ మధ్య పన్నెండు అడుగులు కూడా ఉండవు. ఆ రోజు గుమ్మం తలుపు తీసే ఉంది, నేను దానికి వీపు పెట్టి నిలబడి మాట్లాడుతున్నాను. ఇది జరిగి పద్నాలుగేళ్ళు. అందులో ఏ నెలలో ఏం జరిగిందో అడిగితే చెప్పగలను. మా అన్న గేటు బయట ఎంతసేపు నిలబడ్డాడో మాత్రం చెప్పలేను. ఒక్క నిమిషమే కావచ్చు. నేను వెనక్కి తిరగడానికి అది చాలేది.